విరిగిన బాణం: పలోమారెస్ చరిత్రను ఎలా చదవాలి?

యుద్ధం జరిగిన ఊళ్ళు చరిత్రకెక్కటం మామూలే. శాంతికాలంలో, కేవలం యుద్ధసన్నాహం వల్ల దెబ్బతిన్న ఊళ్ళ సంగతి వేరు. అవి ప్రమాదాల పట్టికలో ఒక పంక్తిగా మిగిలిపోతాయి. స్పెయిన్ ఆగ్నేయ తీరాన, అల్మెరియా మండలంలోని పలోమారెస్ అటువంటి ఊరు. 1966లో అక్కడ జరిగినదానికి రెండు చరిత్రలున్నాయి. ఒకటి బాంబును వెతికిన చరిత్ర, రెండోది మట్టిని ఎత్తిన చరిత్ర. మొదటిది లోకానికి తెలుసు. రెండోదాన్నే అసలు చరిత్రగా చదవాలని నా వాదన.

ముందు జరిగినది చెప్పుకుందాం. ఆ రోజుల్లో అమెరికా వైమానిక దళం హైడ్రోజన్ బాంబులున్న బి-52 విమానాలను రాత్రింబగళ్ళు గాలిలోనే తిప్పుతూ ఉండేది. నేలమీది స్థావరాలను శత్రువు ఒక్కదెబ్బతో ధ్వంసం చేసినా ఎదురుదెబ్బ తీయటానికి కొన్ని విమానాలు మిగలాలన్నది దాని లెక్క. అంతదూరం తిరగాలంటే దారిలో, గాలిలోనే ఇంధనం పోసుకోవాలి. 1966 జనవరి 17న, సుమారు 9,450 మీటర్ల ఎత్తున, ఆ పని చేయబోతూ బాంబరు ఇంధన విమానాన్ని ఢీకొన్నది. ఇంధన విమానంలోని నలుగురూ, బాంబరులోని ఏడుగురిలో ముగ్గురూ చనిపోయారు. నాలుగు బాంబుల్లో మూడు నేలమీద, ఒకటి సముద్రంలో పడ్డాయి. అణ్వాయుధం ఇటువంటి ప్రమాదానికి గురైతే అమెరికన్ సైనిక పరిభాషలో దానికి పేరు ‘విరిగిన బాణం’.

నేలమీద పడిన మూడింటిలో రెండింటిలోని మామూలు పేలుడు మందు తాకిడికి పేలింది. అణు విస్ఫోటనం జరగలేదు. ఆ మందు ఏ ఒక్కచోట అంటుకున్నా అణుశక్తి విడుదల కాకుండా ఉండేటట్టు బాంబును నిర్మించారు. ఆ నిర్మాణం పనిచేసింది. ఇది ఒప్పుకోవటం న్యాయం. కాని పేలిన మందు లోపలి ప్లుటోనియాన్ని ధూళిగా మార్చి గాలికి వదిలింది. సుమారు 2 చదరపు కిలోమీటర్ల మేర, టమాటా పంట మీదా ఇళ్ళ నడుమా, ఆ ధూళి పరుచుకున్నది.

ప్లుటోనియం స్వభావం కొంచెం తెలిస్తే తప్ప తర్వాతి కథ అర్థం కాదు. దాని నుంచి ముఖ్యంగా వెలువడేది ఆల్ఫా కిరణం. అది కాగితాన్ని దాటలేదు, చర్మాన్ని చీల్చలేదు. అందుచేత చేతికంటినదాన్ని కడుక్కుంటే చాలావరకు పోతుంది. ఊపిరితో లోపలికి పోయినదాని సంగతి అలా కాదు. అది ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో, కాలేయంలో ఏళ్ళ తరబడి నిలిచి పక్కనున్న జీవకణాలను కాలుస్తూ ఉంటుంది. దాని శక్తి సగానికి తగ్గటానికి సుమారు 24,000 ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఇక్కడ రక్షణ అంటే ప్రధానంగా ముక్కుకూ నోటికీ రక్షణ, ధూళి లేవకుండా చూడటం, ఎవరి ఒంట్లోకి ఎంత పోయిందో నమ్మదగినట్టు కొలవటం.

మరి ఏం చేశారు? సుమారు 1,600 మంది అమెరికన్ సైనికులు శుభ్రపరిచే పనిలో పాల్గొన్నారు. ఆల్ఫాను కొలిచే పరికరం నేలకు దాదాపు ఆనించి పట్టుకుంటేనే పనిచేస్తుంది. దాని ముఖానున్న పల్చని పొర మోడుకో రాయికో తగిలితే చిరుగుతుంది. ప్రయోగశాల బల్లకు తగిన పనిముట్టు పొలానికి తగలేదు. ధూళి ఎక్కువగా పడిన 2.2 హెక్టార్ల పైమట్టిని గీకి పీపాల్లో నింపారు. తక్కువ పడిన 17 హెక్టార్లను 30 సెంటీమీటర్ల లోతున దున్ని కలిపేశారు. సుమారు 1,400 టన్నుల మట్టినీ పంటనూ ఓడల మీద అమెరికాలోని దక్షిణ కరొలైనాకు తరలించి పాతిపెట్టారు. ఆ మట్టిని ఎత్తిన సైనికుల్లో చాలామందికి సరైన ముసుగులు లేవు.

వారి ఒంట్లోకి పోయినదాన్ని తెలుసుకోవటానికి మూత్రపు నమూనాలు తీశారు. ఆ నమూనాల్లో చాలావాటిని ధూళి నిండిన శిబిరంలోనే తీశారు. తీరా ఎక్కువ పాళ్ళు కనిపించినప్పుడు, బయటి ధూళి కలిసి ఉంటుందని వాటిని పక్కన పెట్టారు. హెచ్చు పాళ్ళు తేలిన 26 మందిని మాత్రం కొంతకాలం వెంబడించి పరీక్షించారు. ఇందులోని తర్కాన్ని పాఠకులు గమనించాలి. తక్కువ పాళ్ళు వస్తే, ప్రమాదం లేదనటానికి అది రుజువు. ఎక్కువ పాళ్ళు వస్తే, నమూనా చెడిపోయిందనటానికి అది రుజువు. ఇటువంటి కొలతలో ప్రమాదం ఎన్నటికీ బయటపడదు.

ఇదే కాలంలో సముద్రంలో పడిన నాలుగో బాంబుకోసం ఓడలనూ, లోతునీటి పడవలనూ దింపారు. అది పడిన చోటును చూసినవాడు ఫ్రాన్సిస్కో సీమో అనే జాలరి. అతను చూపిన జాడ మేలైనదని తేలింది. మార్చిలో ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి దాన్ని కనుక్కున్నది. ఏప్రిల్ 7న, ప్రమాదం జరిగిన 80వ నాడు, సుమారు 870 మీటర్ల లోతునుంచి పైకి తీశారు. మర్నాడు పత్రికలవారికి చూపారు. అంతకుముందే, మార్చి 8న, అమెరికా రాయబారి డ్యూక్, స్పెయిన్ మంత్రి ఫ్రాగా కెమెరాల ఎదుట ఆ తీరంలో ఈదారు. సముద్రం నిక్షేపంగా ఉన్నదని చూపటం వారి ఉద్దేశం. కాని ఊరివారు భయపడవలసినది పొలంలోని ధూళికి. దానికి ఈత సమాధానం కాదు.

ఊరివారి మాట ఇంకా క్లుప్తంగా చెప్పవచ్చు, ఎందుకంటే వారికి చెప్పినదే క్లుప్తం. అది ఫ్రాంకో నియంతృత్వపు రోజుల స్పెయిన్. ఏటా కొంతమందిని మాడ్రిడ్‌కు తీసుకుపోయి పరీక్షించేవారు. ఫలితాలు మాత్రం 1980ల నడుమ దాకా, పోరాడితేగాని, వారి చేతికి రాలేదు. 1967లో ఊరివారి తరఫున ప్రదర్శన నడిపిన మెదీనా సిదోనియా డచెస్ ఆ నేరానికి తర్వాత జైలుకు వెళ్ళింది. అంత వంశమూ ఆమెను కాపాడలేనప్పుడు, టమాటా రైతు నోరు మెదపలేదంటే ఆశ్చర్యమేమున్నది?

పలోమారెస్ తర్వాతా ఆ విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. 1968 జనవరి 21న గ్రీన్లాండ్‌లోని తూలే దగ్గర నాలుగు బాంబులున్న మరో బి-52 మంటలంటుకుని సముద్రపు మంచు మీద కూలింది. అక్కడ మంచును ఎత్తినవారిలో డేనిష్ కూలీలు ఎందరో ఉన్నారు. ఆ రెండో దెబ్బతో గాని బాంబులతో గాలిలో తిరిగే పద్ధతి ఆగలేదు. ఊరు పాడైనందుకు కాదు, పదేపదే పాడవటం రాజకీయంగా మోయలేని బరువైనందుకు ఆగిందని నా అభిప్రాయం.

మట్టి ఎత్తిన సైనికుల మాట ఏమైంది? జబ్బుపడి పరిహారం అడిగినప్పుడు, నీ ఒంట్లోకి పోయినది ఇంతేనని 1966 నాటి ఆ కొలతల మీద నడిచిన లెక్కలే ఎదురొచ్చాయి. వారు కోర్టులకు వెళ్ళారు. చివరకు 2022లో అమెరికా చేసిన చట్టం పలోమారెస్, తూలే పనులను రేడియేషన్ ప్రమాదపు పనుల జాబితాలో చేర్చింది. అంటే, నిర్ణీత వ్యాధులు వస్తే, దానికి కారణం ఆ పనేనని ఎవరికి వారు రుజువు చేయనక్కరలేదు. ఈ ఒక్క వాక్యానికి 56 ఏళ్ళు పట్టింది. ఇక పలోమారెస్ నేలకు ఆ మాత్రమూ దక్కలేదు. మిగిలిపోయిన మలిన భూమిని శుభ్రపరుస్తామని 2015లో రెండు ప్రభుత్వాలు సంతకం చేసిన పత్రం, కట్టుబడి తీరవలసిన ఒప్పందం కాదు.

అత్యవసర సహాయం అనే మాటను మనం ఇంత తేలికగా నమ్మరాదు. పలోమారెస్‌లో సైన్యం అసమర్థంగా పనిచేసిందనటం తప్పు. 870 మీటర్ల నీటి అడుగున ఒక వస్తువును వెతికి తేగలిగినవారు అసమర్థులు కారు. ఆ సామర్థ్యం దేనికోసం సిద్ధమైందన్నదే ప్రశ్న. ఆయుధం శత్రువు చేతికి పోకుండా చూడటానికి అది సిద్ధమైంది; మనిషి ఊపిరిలోకి ధూళి పోకుండా చూడటానికి సిద్ధం కాలేదు. రేపు ఏ దేశమైనా తన అణ్వాయుధాల భద్రత గురించి చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి: కొలిచేది ఎవరు? ఫలితం ఎవరి చేతిలో ఉంటుంది? రుజువు చేయవలసిన భారం ఎవరిది? ఈ మూడింటికీ జవాబు లేని భద్రత బాంబుకే భద్రత.