సుబ్బారావుగారు చూడని కర్మాగారం

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ ఒక మట్టి సూక్ష్మజీవి నుంచి వెలికితీసిన ఆరియోమైసిన్ కూడా అదే ఏడాది లోకానికి వెల్లడయింది. టెట్రాసైక్లిన్ల వంశానికి అదే మూలపురుషుడు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం రేగినప్పుడు జనం మందుల దుకాణాలలో వెతుక్కున్నది ఈ వంశపు బిళ్ళలనే.

ఆ మందు బాక్టీరియాలో దేనిని పట్టుకుంటుందో 1948లో ఎవరికీ తెలియదు. ఆ వస్తువుకు రైబోసోమ్ అన్న పేరు పుట్టిందే 1958లో. జన్యువు నకలుగా వచ్చే చీటీని చదివి, ఎమినో ఆమ్లాలను ఒక్కొక్కటిగా గుచ్చి ప్రోటీనును అల్లే యంత్రమది. దాని చిన్న భాగంలో టెట్రాసైక్లిన్ ఎక్కడ కూర్చుని, వచ్చే ఎమినో ఆమ్లానికి దారి మూస్తుందో 2000 ప్రాంతంలో గాని కంటికి కనబడలేదు. అలా చూపిన వారిలో చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఒకరు. రైబోసోమ్ నిర్మాణాన్ని ఛేదించినందుకు 2009లో ఆయనకు మరిద్దరితో కలిసి నోబెల్ బహుమానం వచ్చింది.

ఇంత చక్కని యంత్రాన్ని మన అవసరాలకు తగినట్టు మలచుకోవచ్చు కదా అన్న ఆలోచన రావడం సహజమే. చిక్కల్లా ఒక్కటే. మా కంఠేశ్వర్‌కు పాతిక కిలోమీటర్ల దూరాన, బోధన్‌లో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని తలచుకుంటే అది బోధపడుతుంది. క్రషింగ్ నడిచే రోజులలో మిల్లు ఆపి మరమ్మతు చేస్తామంటే నరికిన చెరకంతా ఎండిపోతుంది. బాక్టీరియా సంగతీ అంతే. దానికున్న రైబోసోములన్నిటినీ మార్చబోతే, అవి చేసే ప్రతి ప్రోటీనూ చెడి జీవకణమే చస్తుంది.

1987లో హ్యూయ్, డి బోయర్ అనే శాస్త్రజ్ఞులు దీనికి ఉపాయం కనిపెట్టారు. పాత మిల్లును ముట్టుకోకుండా పక్కనే రెండో మిల్లు పెట్టారు. చీటీ మొదట్లో ఉండే గుర్తునూ, దానిని పోల్చుకునే రైబోసోమ్ ఆర్.ఎన్.ఏ. అక్షరాలనూ జతగా మార్చారు. అలా మారిన రైబోసోములు ప్రధానంగా ఒక్క చీటీనే చదివాయి. వారు ఎంచుకున్నది మానవ పెరుగుదల హార్మోను చీటీ. 2015లో మాన్కిన్, జ్యూవెట్ బృందాలు రైబోసోమ్ రెండు భాగాలనూ విడిపోకుండా కలిపి కుట్టి, పెద్ద భాగాన్ని కూడా మలచుకునే వీలు కల్పించాయి. బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది కూడా ఆ సంవత్సరమే.

ఈ చరిత్రలో నన్ను ఆకట్టుకున్న విషయం మరొకటుంది. కొత్త రైబోసోములు పనిచేస్తున్నాయో లేదో తేల్చడానికి వాటికి స్పెక్టినోమైసిన్‌ను తట్టుకునే మార్పును జోడిస్తారు. ఆ మందు వేయగానే పాతవి ఆగిపోతాయి, కొత్తవి నడుస్తాయి. రోగక్రిములను చంపడానికి వెదికిన విషమే ఇక్కడ నిర్మాతకు పనిముట్టు అయింది.

సుబ్బారావుగారిని మన పిల్లలకు ఒక మందుల జాబితాగా పరిచయం చేస్తాము. మందు ఎక్కడ పట్టుకుంటుందో వెదుకుతూ వెళ్ళిన శాస్త్రమే ఆ యంత్రాన్ని మలచేదాకా వచ్చిందనీ, ఆ దారి మొదట్లో భీమవరంలో పుట్టిన ఆ మనిషి నడిపిన ప్రయోగశాల ఉందనీ కూడా చెప్పాలని నా కోరిక.