గేటు దగ్గర ఏడు రోజులు

2022 జూన్ 14, మంగళవారం. బాసర. మృగశిర కార్తె వచ్చి వారం కావస్తోంది. అయినా ఎండ తగ్గలేదు.

ట్రిపుల్ ఐటీలో ఆ రోజు క్లాసులు జరగలేదు. లెక్చరర్లు వచ్చారు. బెంచీల మీద పిల్లల్లేరు. హాస్టల్ బ్లాకుల మెట్లు దిగి, మెడలో ఐడీ కార్డుతో, చేతిలో గొడుగుతో ఒక్కొక్కరే, తర్వాత పదుగురు, ఆ తర్వాత లెక్కపెట్టడానికి వీల్లేనంత మంది నడిచొచ్చి రోడ్డు మీద బారులు బారులుగా కూర్చున్నారు. అమ్మాయిలొకవైపు. అబ్బాయిలొకవైపు. రాళ్లు లేవు. పార్టీ జెండా ఒక్కటీ లేదు. ఒక కాగితం మాత్రం ఉంది.

ఆ కాగితంలో పన్నెండు డిమాండ్లు. మొదటి డిమాండు చదివిన అధికారుల మొహాలు మారిపోయాయి.

ముఖ్యమంత్రి కేసీఆర్ ఇక్కడికి రావాలి.

మిగతావి చూస్తే గుండె కలుక్కుమంటుంది. రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలి, ఆయన క్యాంపస్‌లోనే ఉండాలి. చాలినంతమంది లెక్చరర్లు కావాలి. ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలి. యూనిఫాంలు ఇవ్వాలి. హాస్టళ్లు బాగుచేయాలి. మెస్‌లో మనుషులు తినే తిండి పెట్టాలి. ఇందులో గొంతెమ్మ కోరిక ఏదైనా ఉందా? ఇవన్నీ ఆ పిల్లలు మొదటిసారి అడిగినవి కూడా కావు. అడిగిన ప్రతిసారీ ఆ మాట ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి పోయి ఆగిపోయింది. ఎందుకాగిందో తెలియాలంటే ఒక కుర్చీ సంగతి చెప్పుకోవాలి.

2008లో, వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టారు. జనం ట్రిపుల్ ఐటీలని పిలిచే మూడు క్యాంపస్‌లు: బాసర, నూజివీడు, ఇడుపులపాయ. పల్లెటూళ్ల సర్కారు బడుల్లో పదో తరగతి బాగా చదివినవాళ్ల కోసం. సర్కారు బడి పిల్లలకు గ్రేడు పాయింట్ల మీద 0.4 కలిపి మరీ సీటిచ్చే పద్ధతి. ఇంటర్‌తో సమానమైన పీయూసీ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. ఆరేళ్లూ అక్కడే తిండి, అక్కడే పడక. కర్నూలు వైపు డోన్, ప్యాపిలి, బేతంచెర్ల హైస్కూళ్ల టీచర్లు ఇప్పటికీ మంచి మార్కులొచ్చిన పిల్లాడి భుజం తట్టి 'ఇడుపులపాయకు పోరా' అంటారే, ఆ చదువుకు తోబుట్టువే బాసర.

రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణ వంతుకొచ్చింది. పూర్తికాలపు వీసీ మాత్రం ఏళ్ల తరబడి రాలేదు. ఇన్‌చార్జిలతో నెట్టుకొచ్చారు. 2022 జూన్ నాటికి ఆ బాధ్యత ఐఏఎస్ అధికారి రాహుల్ బొజ్జాది. హైదరాబాద్‌లో ఆయనకున్న పనులకు తోడు ఇదొకటి. పప్పులో పురుగొచ్చిందని పదహారేళ్ల పిల్ల ఎవరి తలుపు కొట్టాలి? కొట్టినా ఆ తలుపు వెనక మనిషేడీ?

రాత్రి ఇంటినుంచి ఫోను.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న."

ఎన్ని హాస్టళ్లలో ఎన్ని రాత్రులు ఈ రెండు మాటలతో గడిచిపోతాయో! ఇంటి దగ్గర కూలికిపోయే అమ్మకు అంతకుమించి చెప్పి ఏం లాభమని పిల్లలు అక్కడితో ఆపేస్తారు. ఈసారి మాత్రం ఆగలేదు.

రెండో రోజు పోలీసులు పెరిగారు. గేట్ల దగ్గర తనిఖీలు. బయటివాళ్లకు ప్రవేశం లేదు. పిల్లల్ని చూద్దామని వచ్చిన తల్లిదండ్రులకూ అదే జవాబు. లోపలి సంగతులు ఫోన్లలోంచి బయటికొచ్చాయి. ట్విట్టర్‌లో ఒక విద్యార్థి పిలిస్తే మంత్రి కేటీఆర్ పలికారు. ముఖ్యమంత్రి దృష్టికి తీసుకెళ్తామన్నారు. పిల్లలు చదివారు. కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ బాసర బయల్దేరారు. దారిలోనే పోలీసులు ఆపేశారు. 17న అప్పటి కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షుడు రేవంత్‌రెడ్డి వచ్చారు. రోడ్డంతా పోలీసులు కాపు కాస్తుంటే, ఆయన పొలాల వెంట వచ్చి ప్రహరీ దూకి లోపల పడ్డారు. అక్కడే అరెస్టు చేశారు. టీవీలకు ఆ పూటంతా అదే పండగ. బారుల్లో కూర్చున్న పిల్లలకు మాత్రం ఇబ్బందే వచ్చిపడింది. ఇది మాది, మీ పార్టీలది కాదని మొదటి రోజు నుంచీ మొత్తుకుంటున్నారు వాళ్లు. స్టూడెంట్ గవర్నింగ్ కౌన్సిల్ పేరుతో తమలో తామే ఎన్నుకున్న ప్రతినిధులున్నారు. మాట్లాడితే వాళ్లతోనే మాట్లాడాలి.

మాట్లాడటానికి వచ్చారు. కలెక్టర్ వచ్చారు. ఉన్నత విద్యామండలి నుంచి వచ్చారు. కొత్త డైరెక్టర్‌గా ప్రొఫెసర్ సతీశ్ కుమార్‌ను నియమించారు. ఒకటొకటిగా చేస్తాం, ముందు క్లాసులకు వెళ్లండన్నారు. నోటిమాటతో కుదరదు, రాసివ్వమన్నారు పిల్లలు. చర్చలు జరిగినట్టే జరిగి తెగిపోయాయి.

అప్పుడు వాన మొదలైంది.

నైరుతి అప్పుడప్పుడే తెలంగాణలోకి అడుగుపెడుతోంది. గోదావరి పక్కనున్న ఊరు, చుట్టూ అడ్డులేని మైదానం. వాన దిగిందంటే గొడుగు ఏమూలకూ చాలదు. మధ్యాహ్నం ఎండకు పట్టిన గొడుగులే వానకూ పట్టి, మోకాళ్లు ముడుచుకుని, పక్కవాడి భుజానికి భుజం ఆనించి, తడిసిన చొక్కా ఒంటిమీదే ఆరేదాకా వేలమంది కదలకుండా కూర్చున్న ఆ ఫొటోలు మర్నాడు పేపర్లలో వచ్చాయి. హైదరాబాద్‌లో కదలిక వచ్చింది.

20వ తేదీ, సోమవారం. ఏడో రోజు. చీకటిపడ్డాక కాన్వాయ్ లైట్లు కనిపించాయి. విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి దిగారు.

ముఖ్యమంత్రి కాదు. లేచి లోపలికి వెళ్లాలా, వద్దా?

వెళ్లారు. గదిలో ఒకవైపు మంత్రి, అధికారులు. ఎదురుగా కౌన్సిల్ పిల్లలు. పన్నెండు డిమాండ్లూ మళ్లీ మొదటినుంచి. గంట దాటింది. ఇంకా తేలలేదు. బయట మిగతావాళ్లు తలుపు వైపే చూస్తున్నారు. అర్ధరాత్రి దాకా లాగిన ఆ చర్చల్లో, సౌకర్యాల కోసం వెంటనే నిధులిస్తామని, మిగతావి ఒక్కొక్కటే తీరుస్తామని మంత్రి మాటిచ్చారు. పిల్లలు బయటికొచ్చి తమవాళ్లకు చెప్పారు. ఆందోళన విరమించారు. మర్నాడు క్లాసులు మొదలయ్యాయి.

కథ ఇక్కడ ముగిసిపోతే బాగుండేది. నెల తిరగలేదు.

జులై 15, శుక్రవారం. మధ్యాహ్నం భోజనంలో ఎగ్ ఫ్రైడ్ రైస్. తిన్న కాసేపటికే పీయూసీ పిల్లలకు కడుపులో తిప్పింది. ఒకరు. పదిమంది. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు, కళ్లు తిరిగి పడిపోవడాలు. క్యాంపస్ ఆసుపత్రిలో మంచాలు చాలక కింద పడుకోబెట్టారు. అంబులెన్సులు నిజామాబాద్ దారి పట్టాయి. వందమందికి పైగా అస్వస్థులయ్యారు. పన్నెండు డిమాండ్ల కాగితంలో మెస్ గురించి రాసిన మాట నెలరోజుల ముందే అందరూ చదివారు. మెస్ నడిపేవాళ్లు మాత్రం మారలేదు. ఆ నెలాఖరున పిల్లలు రాత్రి అన్నం మానేసి మెస్‌లోనే కూర్చున్నారు.

ఆగస్టు 7న గవర్నర్ తమిళిసై రైల్లో వచ్చారు, పిల్లలతో కలిసి టిఫిన్ చేశారు. సెప్టెంబరు 26న కేటీఆర్ వచ్చారు, మెస్‌లోనే అన్నం తిన్నారు. వానలో గొడుగులు పట్టుకుని, పార్టీలను దగ్గరికి రానీయకుండా కూర్చున్న తీరు తనకు నచ్చిందని మెచ్చుకున్నారు. డిసెంబరులో స్నాతకోత్సవం జరిగింది, ల్యాప్‌టాప్‌లు పంచారు. అడిగితే కొన్ని వస్తాయని తేలింది.

కాగితం మీద రాయలేని బాధలు కొన్నుంటాయి. 2023 జూన్‌లో అదే క్యాంపస్‌లో రెండు రోజుల తేడాలో ఇద్దరు పీయూసీ విద్యార్థినులు చనిపోయారు. వాళ్ల మనసులో బాధేదైనా ఉంటే అది వాళ్లతోనే పోయింది. ఏ కౌన్సిలూ దాన్ని డిమాండ్ల జాబితాలో చేర్చలేదు. చేర్చడానికి ముందు ఎవరో ఒకరు అడగాలి కదా?

అదే ఏడాది జులైలో విశాఖపట్నం హాస్టల్లో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి ప్రాణం పోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న తీర్పొచ్చింది. దర్యాప్తు సీబీఐకి ఇచ్చారు. దాంతోపాటు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు పెట్టారు. వందమంది, అంతకుమించి విద్యార్థులున్నచోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. సహాయం అందించే ఫోన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో అందరికీ కనపడేలా రాసిపెట్టాలి. చట్టం వచ్చేదాకా ఇదే చట్టం.

డోన్ బస్టాండులో ట్రంకుపెట్టె ఎక్కించి పిల్లల్ని ఇడుపులపాయకో, కర్నూలుకో సాగనంపే అమ్మానాన్నలూ, అడ్మిషన్ కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో అడగండి. నంబర్లు గోడమీద ఉన్నాయో లేదో చూడండి. ర్యాగింగ్ జరిగితే 1800-180-5522. మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416; పగలైనా రాత్రైనా తెలుగులో పలుకుతారు, పైసా ఖర్చు లేదు. పిల్లలు ఫోన్లో 'తిన్నా' అన్నాక ఏం తిన్నారో కూడా అడగండి.