నడిసముద్రంలో మాట వెల: నిస్తంత్రి తంతి నుంచి నౌకా రోమింగ్ దాకా – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

విహారనౌక ఎక్కిన ప్రయాణికుని స్మార్ట్‌ఫోన్‌కు తీరం దాటగానే సాధారణ రోమింగ్ ధరలు వర్తించవు. ఓడలోనే అమర్చిన, ఉపగ్రహంతో అనుసంధానమైన వేరొక వలయంలోకి ఆ ఫోన్ తనంతట తానే చేరుతుంది. దాని ధరలు చాలా ఎక్కువ. ఇది నేటి సాంకేతికత తెచ్చిన చిక్కుగా కనిపించినా, దీని మూలాలు 1906 నాటి బెర్లిన్ ఒడంబడికలో ఉన్నాయి. ఓడకు ఒక రుసుము, తీరానికి ఒక రుసుము, నేలమీది తీగకు మరొక రుసుము అనే నాటి విభజన నేటికీ రూపం మార్చుకొని కొనసాగుతోందని నిరూపించడం, ఆ నేపథ్యంలో ప్రయాణికులు, నావికులు తమ ఖర్చును అదుపులో ఉంచుకొనే మార్గాలను వివేచించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలక పదాలు: నిస్తంత్రి, తంతి, నౌకాయానం, రోమింగ్, ఉపగ్రహం, స్మార్ట్‌ఫోన్, నావికులు, తెలుగు లిపి.

1. ప్రవేశిక:

తెలుగువారికి సముద్రయానం కొత్త కాదు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి వేలాదిమంది శ్రామికులు రంగూనుకు ఓడలెక్కారు. ఓడ కదిలిన క్షణం నుంచి అవతలి రేవు చేరి జాబు రాసేదాకా వారికీ ఇంటికీ మధ్య మాట లేదు. నేడు ఉత్తరాంధ్ర యువకులు వాణిజ్యనౌకల్లో నావికులుగా పనిచేస్తున్నారు. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి విహారనౌకా యాత్రలు కూడా మొదలయ్యాయి. కనుక నడిసముద్రం నుంచి మాట్లాడడానికి ఎంత వెల, ఆ వెలను ఎవరు నిర్ణయిస్తారు అనే ప్రశ్న ఇప్పుడు తెలుగు సమాజానికీ సంబంధించినదే. సమాచార సాధనాల చరిత్రను ఆవిష్కర్తల చరిత్రగా చెప్పడం పరిపాటి. ఈ వ్యాసం దానిని ధరల చరిత్రగా చదవడానికి ప్రయత్నిస్తుంది.

2. తొలి దశ – వార్త సరుకైన వేళ:

1899 నవంబరులో గుగ్లియెల్మో మార్కోని ‘సెయింట్ పాల్’ అనే ఓడలో న్యూయార్క్ నుంచి ఇంగ్లండుకు తిరిగివస్తున్నాడు. ఐల్ ఆఫ్ వైట్‌లోని నీడిల్స్ కేంద్రం నుంచి నిస్తంత్రి ద్వారా అందిన వార్తలను ఓడలోనే అచ్చువేసి ‘ది ట్రాన్సట్లాంటిక్ టైమ్స్’ పేరుతో ప్రతి ఒక్కటి ఒక డాలరుకు అమ్మారు. ఆ సొమ్ము నావికుల సహాయనిధికి చేరింది. సముద్రంమీద అందిన నిస్తంత్రి వార్త మొట్టమొదటి నుంచే వెలగల సరుకు అనడానికి ఇదొక దృష్టాంతం.

1900లో మార్కోని నౌకా సమాచార సంస్థ ఏర్పడింది. ఈ సంస్థ యంత్రాన్ని ఓడకు అమ్మేది కాదు. యంత్రాన్నీ దానిని నడిపే ఉద్యోగినీ కలిపి అద్దెకిచ్చేది. మార్కోని కేంద్రాలు మార్కోని యంత్రాలున్న ఓడలతో మాత్రమే మాట్లాడాలన్నది దాని విధానం. 1902లో ప్రష్యా యువరాజు హెన్రీ ‘డాయిష్‌లాండ్’ నౌక నుంచి పంపదలచిన సందేశాన్ని, ఆ ఓడలో జర్మన్ యంత్రం ఉన్న కారణంగా, మార్కోని కేంద్రం స్వీకరించలేదు. ఈ వివాదం 1903లో బెర్లిన్‌లో జరిగిన సన్నాహక సమావేశానికి ఒక ప్రేరణ అయింది.

3. బెర్లిన్ ఒడంబడిక – మూడు రుసుముల సూత్రం:

1906లో బెర్లిన్‌లో అంగీకారం పొంది 1908 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ రేడియో తంతి ఒడంబడిక రెండు పనులు చేసింది. మొదటిది, యంత్రం ఏ సంస్థదైనా తీరకేంద్రాలూ ఓడలూ పరస్పరం సందేశాలు ఇచ్చిపుచ్చుకోవాలని శాసించింది. రెండవది, ధరను విభజించింది. తీరకేంద్రం రుసుము పదానికి 60 సెంటీములకు, ఓడ రుసుము పదానికి 40 సెంటీములకు మించరాదని నియమించింది. వీటికి నేలమీది తంతి రుసుము అదనం.

ఈ విభజన వెనుక ఒక రాజనీతి ఉంది. నేలమీద ధరను ప్రభుత్వం నిర్ణయించగలదు. నడిసముద్రం ఏ ప్రభుత్వానికీ చెందదు. అక్కడ ఓడ ఏ జెండా ఎగరవేస్తే ఆ దేశపు చట్టం వర్తిస్తుంది. కాబట్టి ఒక్క సందేశం మూడు అధికారాల గుండా ప్రయాణించవలసివచ్చింది. ప్రతి అధికారమూ తన వాటా అడిగింది. పరిమితి విధించడం ద్వారా ఒడంబడిక ఆ వాటాలకు ఒక హద్దు గీసింది. వినియోగదారుని రక్షించే ఈ హద్దు ఆ తరువాతి చరిత్రలో ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారిపోయింది అన్నదే ఇక పరిశీలించవలసిన అంశం.

4. టైటానిక్ – రుసుముకూ రక్షణకూ మధ్య:

1912లో టైటానిక్ ప్రయాణికులు తంతి పంపడానికి తొలి పది పదాలకు 12 షిల్లింగుల 6 పెన్నీలు, ఆపై ప్రతి పదానికి 9 పెన్నీలు చెల్లించారు. అంటే ఇరవై పదాల సందేశం సరిగ్గా ఒక పౌను. ఈ ధర పైతరగతి గదుల వారికే అందుబాటులో ఉండేది. నిస్తంత్రి గదిలోని జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్ మార్కోని సంస్థ ఉద్యోగులు. యంత్రం చెడిపోయి బాగుపడిన కారణంగా ప్రయాణికుల సందేశాలు పేరుకుపోయాయి. ఏప్రిల్ 14 రాత్రి ఫిలిప్స్ వాటిని కేప్ రేస్ కేంద్రానికి పంపుతుండగా, సమీపంలోని ‘కాలిఫోర్నియన్’ ఓడ నుంచి మంచు గురించి హెచ్చరిక వచ్చింది. తాను పనిలో ఉన్నానని చెప్పి ఫిలిప్స్ దానిని పక్కనపెట్టాడు. కొద్దిసేపటికే కాలిఫోర్నియన్‌లోని నిస్తంత్రి ఉద్యోగి యంత్రం ఆపి నిద్రించాడు.

ఈ ఘటనను వ్యక్తి నిర్లక్ష్యంగా చిత్రించడం సులువు. కాని ధర చెల్లించిన సందేశమే ఆ గదికి ప్రధానమైన పని అన్న వ్యవస్థను గమనించాలి. 1912 లండన్ ఒడంబడిక, 1914 నాటి సముద్రంమీద ప్రాణరక్షణ ఒడంబడిక ఆ వ్యవస్థను సవరించే దిశగా నడిచాయి. ప్రాణాపాయ సందేశానికి ప్రథమస్థానం, నిరంతర శ్రవణం అనే నియమాలు బలపడ్డాయి. రక్షణసందేశం ధర పరిధి నుంచి బయటకు వచ్చింది. కుటుంబసందేశం మాత్రం ధర పరిధిలోనే ఉండిపోయింది.

5. ఉపగ్రహ దశ:

1929 డిసెంబరులో ‘లెవయాథన్’ ఓడ నుంచి తీరానికి వాణిజ్య టెలిఫోన్ సేవ ఆరంభమైంది. అక్షరాల స్థానంలోకి కంఠస్వరం వచ్చింది. పదాల లెక్క నిమిషాల లెక్కగా మారింది. 1976లో కుదిరి 1979లో అమలులోకి వచ్చిన ఒడంబడిక ద్వారా ఏర్పడిన ఇన్‌మార్శాట్, 1982 ఫిబ్రవరిలో ఉపగ్రహసేవ ప్రారంభించింది. అప్పుడది దేశాల ఉమ్మడి సంస్థ. భారతదేశం తరఫున పుణె సమీపంలోని ఆర్వి భూకేంద్రం ఈ వలయంలో పాల్గొంది. 1999లో రెండు మార్పులు జరిగాయి. ఆ ఏడాది ఫిబ్రవరి 1 నుంచి ప్రపంచ నౌకా ఆపద, రక్షణ సమాచారవ్యవస్థ పూర్తిగా అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం ఇన్‌మార్శాట్ ప్రైవేటు సంస్థగా మారింది. రక్షణ ఉమ్మడి బాధ్యతగా నిలిచింది. తక్కిన సంభాషణ విపణికి చేరింది.

6. ఓడలోనే సెల్ టవరు – పాత విభజన కొత్త రూపం:

21వ శతాబ్ది తొలి దశకంలో ఓడలలోనే చిన్న సెల్ కేంద్రాలు వెలిశాయి. నార్వేకు చెందిన టెలినార్ అనుబంధ సంస్థ, అమెరికాలో 2004లో ఏర్పడిన వైర్‌లెస్ మారిటైమ్ సర్వీసెస్ ఇందులో ప్రముఖమైనవి. ఏ దేశానికీ చెందని ఈ వలయాలకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 901 అనే ఉమ్మడి సంకేతాన్ని కేటాయించింది. ఫోన్ తెరమీద 901–18 అనో ‘సెల్యులార్ ఎట్ సీ’ అనో కనిపిస్తే, ఆ ఫోన్ ఏ దేశపు వలయంలోనూ లేదని అర్థం.

దీని పనితీరు ఇది. ఓడ నడవాల్లో అమర్చిన చిన్న ఆంటెనాలు ఫోన్ సంకేతాన్ని స్వీకరిస్తాయి. ఓడపైనున్న పళ్లెం ఆంటెనా దానిని ఉపగ్రహానికి పంపుతుంది. ఉపగ్రహం భూకేంద్రానికి, భూకేంద్రం మన సొంత సంస్థకు చేరవేస్తాయి. ఓడ వలయానికి టోకు ధర, ఉపగ్రహానికి అద్దె, సొంత సంస్థకు లాభం కలిసి బిల్లు అవుతాయి. ఓడ రుసుము, తీర రుసుము, తీగ రుసుము అన్న 1906 నాటి త్రిభాగం ఇక్కడ స్పష్టంగా గుర్తించవచ్చు. భేదం ఒక్కటే. నాటి ప్రయాణికుడు కాగితంమీద పదాలు లెక్కించుకొని, ముందుగా సొమ్ము చెల్లించి సందేశం ఇచ్చేవాడు. నేటి ఫోన్ యజమాని నిద్రలో ఉండగా కూడా ఉత్తరాలు తెచ్చుకుంటుంది, ఫోటోలు భద్రపరుస్తుంది, యాప్‌లను నవీకరించుకుంటుంది. 1906లో ఉన్న గరిష్ఠ పరిమితి లేకపోవడం, వాడుకలో ఇష్టపూర్వకత లోపించడం అనే రెండు కారణాలు కలిసి భారీ బిల్లులకు దారితీశాయి.

చట్టాలు కొంతవరకే కలుగజేసుకున్నాయి. ఐరోపా సమాఖ్యలో 2017 జూన్ 15 నుంచి సభ్యదేశాల మధ్య రోమింగ్‌కు అదనపు రుసుము పోయింది. అయితే ఆ రాయితీ నేలమీది వలయాలకే పరిమితం. ఓడలోని ఉపగ్రహ వలయం దాని పరిధిలోకి రాదు. 2022 నాటి సవరించిన నిబంధన, వినియోగదారులు తెలియకుండా అటువంటి వలయాల్లోకి వెళ్లకుండా కాపాడే చర్యలు తీసుకోవాలని సంస్థలను ఆదేశించింది. భారతదేశంలో 2018 డిసెంబరులో విమాన, నౌకా అనుసంధాన నియమాలు వెలువడ్డాయి. ఇవి మన జలాల్లో సేవలకు చట్టబద్ధమైన దారి చూపాయి.

7. అక్షరానికి వెల – తెలుగు కోణం:

ధర ఏ కొలతమీద నిలుస్తుందో భాష ఆ కొలతకు తగ్గట్టు ఒదుగుతుంది. తంతి కాలంలో సాధారణ భాషలో 15 అక్షరాలు దాటిన పదాన్ని రెండుగా లెక్కించేవారు. ప్రత్యయాలు, సమాసాలు కలిసి దీర్ఘపదాలయ్యే తెలుగును రోమన్ లిపిలో రాస్తే ఈ నియమం భారమే. మొబైల్ యుగంలో లెక్క మారింది గాని వివక్ష మాయలేదు. ఒక్క సంక్షిప్త సందేశంలో ఆంగ్లాక్షరాలు 160 పడతాయి. తెలుగు లిపిలో రాస్తే 70 సంకేతాలే పడతాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం కలిసి ఆరు సంకేతాలు తీసుకుంటుంది. సందేశానికింత అని వసూలుచేసే నడిసముద్రంలో, ఒకే విషయాన్ని తెలుగులో రాసేవాడు రెండు మూడు సందేశాల ధర చెల్లించవలసిరావచ్చు. తెలుగును రోమన్ లిపిలో రాసే అలవాటుకు గల కారణాల్లో ఇటువంటి ఆర్థికహేతువును కూడా పరిశోధకులు పరిగణించవలసి ఉంది.

8. వ్యయనియంత్రణ మార్గాలు:

పై చరిత్ర నుంచి కొన్ని ఆచరణసూత్రాలు సహజంగానే వెలువడతాయి.

ఓడ రేవు విడిచేముందే ఫోన్‌ను విమానస్థితిలో, అంటే ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, ఆపై వైఫైని మాత్రం తెరవాలి. అప్పుడు ఫోన్ 901 వలయంలో చేరదు. ఓడ వైఫైకి ముందే ధర తెలిసిన పథకం ఉంటుంది. ఇది తంతి కాగితంమీద ముందుగా లెక్కకట్టడం వంటిది. వైఫై మీద నడిచే సందేశ యాప్‌ల ద్వారా మాట్లాడుకోవచ్చు. పటాలు, పుస్తకాలు, టిక్కెట్లు నేలమీదనే దింపుకోవాలి. రేవులో దిగినప్పుడు ఆ దేశపు సిమ్ గాని ఈ–సిమ్ గాని వాడవచ్చు. అయితే ఓడ తిరిగి బయలుదేరేముందు మళ్లీ విమానస్థితికి మారాలి. సాధారణ అంతర్జాతీయ రోమింగ్ పథకం ఓడకు వర్తిస్తుందో లేదో సొంత సంస్థను ముందే అడగాలి. చాలా పథకాలు దేశాల పేర్లు చెబుతాయి, ఓడలు వాటిలో చేరవు. భారతీయులకు మరొక చిక్కు ఉంది. బ్యాంకు పంపే ఓటీపీ తరచూ సంక్షిప్త సందేశంగా వస్తుంది, విమానస్థితిలో అది అందకపోవచ్చు. కాబట్టి అవసరమైన చెల్లింపులు ప్రయాణానికి ముందో రేవులోనో ముగించుకోవడం మేలు.

9. నావికుల మాట:

ప్రయాణికునికి ఇది వారంరోజుల సంగతి. నావికునికి నెలల తరబడి సాగే జీవితం. 2020లో కోవిడ్ ఆంక్షల వల్ల, ఒప్పందకాలం ముగిసినా ఇల్లు చేరలేక సుమారు 4 లక్షలమంది నావికులు ఓడల్లోనే చిక్కుకుపోయారు. అటువంటి వేళ ఇంటితో మాట విలాసం కాదు. నౌకాశ్రామిక ఒడంబడికకు 2022లో అంగీకారం పొంది 2024 డిసెంబరు 23 నుంచి అమలులోకి వచ్చిన సవరణలు, వీలైనంతవరకు ఓడలో ఇంటర్నెట్ కల్పించాలని, రుసుము ఉంటే అది సమంజసంగా ఉండాలని చెబుతున్నాయి. భారతదేశం ఈ ఒడంబడికను 2015లో ఆమోదించింది. ‘సమంజసం’ అన్న మాటకు అంకెతో కూడిన నిర్వచనం లేదు. 1906 నాటి ఒడంబడిక సెంటీములలో చెప్పగలిగిన దానిని నేటి ఒడంబడిక విశేషణంతో సరిపెట్టింది.

10. ముగింపు:

భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటే, స్టార్‌లింక్ వంటి కొత్త ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతున్నాయి. 2022 నుంచి పెద్ద విహారనౌకా సంస్థలు వీటిని అమరుస్తున్నాయి. వేగం పెరిగింది, జాప్యం తగ్గింది. అయినా వేగం పెరిగినంతమాత్రాన ధర తగ్గుతుందని ఈ చరిత్ర హామీ ఇవ్వదు. తంతి నుంచి ఉపగ్రహం దాకా ప్రతి దశలోనూ ధరకు హద్దు పడినది నియమం రాసినప్పుడే. రక్షణసందేశానికి ఆ నియమం టైటానిక్ తరువాత వచ్చింది. కుటుంబసందేశానికి అది ఇంకా అసంపూర్ణంగానే ఉంది. రంగూను ఓడ డెక్కుమీది శ్రామికునికీ, నేటి సరుకునౌకలోని నావికునికీ మధ్య సాంకేతికత ఎంతో ముందుకు వచ్చింది. ఇంటికి ఒక మాట చేరవేసే హక్కు మాత్రం ఇప్పటికీ బేరంలోనే ఉంది. తెలుగు వలసల చరిత్రను రాసేవారు ఉత్తరాలతోపాటు ఈ ధరల పట్టికలను కూడా ఆకరాలుగా స్వీకరిస్తే, మన సముద్రయాన చరిత్రలోని మౌనాలకు కారణాలు మరింత స్పష్టపడతాయి.