పికప్ స్థానం, నాద వైవిధ్యం: మూడు బేస్ గిటార్ల తులనాత్మక పరిశీలన

పికప్‌లు (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు), నాబ్‌లు ఎన్ని ఎక్కువుంటే బేస్ గిటార్ అన్ని రకాల పాటలకు పనికొస్తుందన్న అభిప్రాయం వాద్యకారుల్లో బలంగా ఉంది. రికార్డింగుల చరిత్ర మాత్రం దీన్ని సమర్థించదు. లియో ఫెండర్ పేరుతో ముడిపడిన ప్రెసిషన్ బేస్ (1951), జాజ్ బేస్ (1960), మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే (1976) ఈ పరిశీలనకు అనువైనవి. మూడింటికీ తీగ పొడవు 34 అంగుళాలే, శ్రుతి ఒకటే. కలప మీద వాదాలు చాలానే ఉన్నాయి గానీ, పికప్ స్థానంతో పోలిస్తే దాని వాటా స్వల్పమని నా అభిప్రాయం.

తీగ మోగినప్పుడు మూలస్వరంతో పాటు ఉపస్వరాలూ పుడతాయి. ఒక్కో ఉపస్వరానికి తీగ మీద కదలిక లేని బిందువులుంటాయి. పికప్ సరిగ్గా అక్కడుంటే ఆ ఉపస్వరాన్ని అది దాదాపు పట్టుకోదు. బ్రిడ్జ్ నుంచి తీగ పొడవులో నాలుగో వంతు దూరాన పికప్ పెడితే, ఫ్రెట్ నొక్కని తీగలో మూలస్వరానికి నాలుగు రెట్ల పౌనఃపున్యం ఉన్న ఉపస్వరం దాదాపు మాయమవుతుంది. ఫ్రెట్ నొక్కగానే తీగ పొట్టిదై ఈ లెక్క మారిపోతుంది. బ్రిడ్జ్‌కు దగ్గరయ్యేకొద్దీ మూలస్వరం బలం తగ్గి, ఉపస్వరాల వాటా పెరుగుతుంది.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా మందమైన తీగ మూలస్వరం సుమారు 41 హెర్ట్‌జ్. చిన్న స్పీకర్లు దాన్ని దాదాపు పలికించలేవు. 82, 123 హెర్ట్‌జ్‌ల ఉపస్వరాలు విని చెవే మూలస్వరాన్ని పూరించుకుంటుంది. ఇళయరాజా తెలుగు పాటలను చిన్న టేప్‌రికార్డర్లలో విన్నవాళ్లకు కూడా బేస్ వరుసలు గుర్తుండటం ఇందువల్లే సాధ్యమైంది. అంటే మిగతా వాద్యాల నడుమ బేస్‌ను నిలబెట్టేది అడుగున ఉన్న గంభీరత కన్నా దానిపైన ఉన్న ఉపస్వరాలే.

ఈ ఉపస్వరాలను గట్టిగా పట్టుకోవడంలోనే ప్రెసిషన్ బలం ఉంది. 1957 నుంచి దాని పికప్ రెండు ముక్కలైంది. మందపు తీగల ముక్క నెక్ వైపు, సన్నని తీగల ముక్క బ్రిడ్జ్ వైపు ఉంటాయి. కంట్రోళ్లు రెండే: వాల్యూమ్, టోన్. డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ ఫ్లాట్‌వౌండ్ (నున్నని చుట్టు ఉన్న) తీగలతో, ఒక్క చూపుడువేలితో గుండ్రని, మెత్తని నాదం పలికించాడు. ఐరన్ మెయిడెన్ బృందంలో స్టీవ్ హారిస్ వాయించేదీ ప్రెసిషనే, అవీ ఫ్లాట్‌వౌండ్ తీగలే. వినబడేది మాత్రం గుర్రపు డెక్కల చప్పుడు. వాద్యం రకం, తీగల రకం మారకుండానే ప్రెసిషన్ సోల్ సంగీతం నుంచి హెవీ మెటల్ దాకా వెళ్లగలిగిందంటే, ఆ వైవిధ్యంలో ఎక్కువ భాగం వేళ్లదీ, ఆంప్లిఫైయర్‌దీ అనాలి.

జాజ్ బేస్‌కు పికప్‌లు రెండు, వాటికి విడివిడి వాల్యూమ్‌లు. రెండింటినీ పూర్తిగా తెరిస్తే హమ్ (విద్యుత్ రొద) రద్దవుతుంది. అయితే దానితో పాటు, రెండు స్థానాల్లో ఎదురెదురు దిశల్లో కదిలే కొన్ని ఉపస్వరాలూ రద్దవుతాయి. ఆ ఖాళీ వల్లే తీగను బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ వాదనంలో దానికి ఆ మెరుపు. బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ వాదనం దీనికి మంచి ఉదాహరణ. కానీ హోరెత్తే గిటార్ల మధ్య అదే ఖాళీ వల్ల బేస్ వెనక్కి జారిపోవచ్చు. బ్రిడ్జ్ పికప్‌ను ముందుకు తెస్తే ముక్కుతో పలికినట్టుండే స్పష్టమైన నాదం వస్తుంది. జాకో పాస్టోరియస్ ఫ్రెట్‌లు తీసేసిన జాజ్ బేస్ మీద, 1976 నాటి తన తొలి ఆల్బమ్‌లో, బేస్‌ను గాత్రంలా పాడించింది ఈ స్థానం నుంచే.

స్టింగ్‌రే దారి వేరు. ఒకే పెద్ద హంబకర్ (హమ్‌ను రద్దు చేసే జంట కాయిళ్ల పికప్), 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్. షీక్ బృందపు ‘గుడ్ టైమ్స్’ (1979)లో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ వాయించిన వరుసలో దాని బిగువు వినవచ్చు. ప్రీయాంప్‌తో ఎంత సవరించినా ఆ పదును పూర్తిగా పోదు, అది స్టింగ్‌రే అని తెలిసిపోతూనే ఉంటుంది.

కాబట్టి ఎన్ని నాదాలు పలుకుతాయి, ఎన్ని సందర్భాల్లో ఇముడుతుంది అన్నవి వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు జాజ్ బేస్, రెండోదానికి ప్రెసిషన్. సోలో, స్లాప్ ప్రధానమైన వాద్యకారుడికి జాజ్ బేసే సరైనది. రకరకాల పాటలకు స్టూడియోలో వాయించాల్సి వచ్చి, ఒక్క వాద్యమే కొనగలిగే స్తోమత ఉంటే ప్రెసిషన్‌నే ఎంచుకోవాలి.