గ్రామకంఠము – అనుమతి, ఆక్రమణము

పల్లెలో ఒకడు ఇల్లు కట్టుకొనుట అతని సొంత విషయమని మనము సామాన్యముగా తలంతుము. కాని గోడ మూరెడు ముందునకు జరిగినచో వీథిలో బండి తిరుగదు. అరుగు మురుగుకాలువను కప్పినచో వానకాలమున పొరుగువాని వాకిట నీరు నిలుచును. చెరువు గర్భమున మన్ను పోసి మెరక చేసినచో ఆయకట్టుకు నీరు తక్కువగును. కావున గోడ ఎచ్చట లేవవలెనో నిర్ణయించువారెవరు, హద్దు దాటినవానిని ఆపువారెవరు అను ప్రశ్నలు గ్రామచరిత్రలో చిన్నవి కావు. గడచిన నూటనలువది సంవత్సరములలో వీనికి మన ప్రాంతమున లభించిన సమాధానములను శ్రోతలకు మనవి చేయదలచితిని.

ఊరి నివేశనస్థలమునకు కోస్తా జిల్లాలలో గ్రామకంఠమనియు, తెలంగాణమున ఆబాదియనియు వ్యవహారము. రైతువారీ సర్వే జరిగినపుడు పొలములను విడివిడిగా కొలిచి, రాళ్లు పాతి, నంబర్లు వేసిరి. గ్రామకంఠమును మాత్రము పెక్కుచోట్ల ఒకే నంబరుక్రింద చుట్టుగీత గీసి విడిచిరి. శిస్తు పుట్టునది పొలమునగాని ఇంటియందు కాదు గదా! లోపల ఎవరి పెరడు ఎంత, వీథి వెడల్పెంత అను వివరములు పటమున లేవు. అవి ఊరి పెద్దల జ్ఞాపకమునందును, కరణము నోటను ఉండెడివి. ఖాళీ నివేశనస్థలము కోరువాడు సర్కారునకు అర్జీ పెట్టుకొనవలెను. రెవెన్యూ బోర్డువారి స్టాండింగు ఆర్డర్లలో 21వది ఈ విషయమునకు సంబంధించినదే. ఊరివెలుపలి వాడలలో నివసించిన దళితులకు ఈ గ్రామకంఠమున చోటే లేకుండెను. వారి ఇండ్లస్థలములకొరకు మద్రాసు ప్రభుత్వము 1920 ప్రాంతమున లేబరు కమీషనరు ద్వారమున ప్రత్యేకముగా పూనుకొనవలసివచ్చెను.

ఇక ఆక్రమణముల సంగతి. సర్కారు భూమిని అనుమతిలేక ఆక్రమించినవానిపై అధికమైన శిస్తు వేసి, ఆ భారముచేత వానిని వెడలగొట్టుట రెవెన్యూవారి పాత పద్ధతి. ఈ పద్ధతి చట్టసమ్మతమా యను సందేహములు కలుగుటచేత 1905లో మద్రాసు భూఆక్రమణముల చట్టము పుట్టెను. బాటలు, వీథులు, చెరువులు, కాలువలు మొదలగునవి ఇతరుల హక్కు స్థిరపడినచోట్ల తప్ప సర్కారు సొత్తని ఆ చట్టము ప్రకటించి, దండనశిస్తు వేయుటకును, నోటీసిచ్చి ఖాళీ చేయించుటకును అధికారమిచ్చెను. ఆ శిస్తు చెల్లించినంతమాత్రమున హక్కు కలుగదని కూడ అందు స్పష్టముగా వ్రాయబడినది.

శ్రోతలు గమనింపవలసినది ఇచ్చటనే కలదు. దండనకై ఇచ్చిన తాఖీదునకు జనవ్యవహారమున బీ మెమో అని పేరు. దానిని పుచ్చుకొన్నవాడు సిగ్గుపడి చోటు విడువలేదు. డబ్బు కట్టి, రశీదును పెట్టెలో భద్రపరచుకొనెను. పది ఫసలీల రశీదులు కూడినపిమ్మట, ఇన్నియేండ్ల అనుభవమునకు ఇవియే సాక్ష్యమని పట్టాకు అర్జీ పెట్టెను. చట్టము కాదన్నదానిని కాలము ఔననిపించెను. దండనమే దస్తావేజుగా మారెను! భూమిలేని పేదకు ఈ మార్గము కొంత నీడనిచ్చిన మాట నిజమే. కాని కరణమును, మునసబును మచ్చిక చేసికొనగల మోతుబరికి ఇది మరింత సులభమార్గమయ్యెను.

ఊరికే ఊరిపై అధికారమిచ్చినచో ఈ దోషము తొలగునను ఆశ బలపడెను. 1884 నాటి స్థానిక బోర్డుల చట్టము కొన్ని ఊళ్లను యూనియనులుగా కూర్చి, ఇంటిపన్ను వసూలుచేసి బాటలు, దీపములు, పారిశుద్ధ్యము చూచుకొను అధికారమిచ్చెను. 1920లో గ్రామపంచాయతులకు ప్రత్యేక చట్టము వచ్చెను. 1950 నాటి మద్రాసు చట్టము మేతబీళ్లు, కళ్లములు, శ్మశానములు, మందబయళ్లు, తోపులు మొదలగు పోరంబోకుల వినియోగమును క్రమపరచు అధికారమును పంచాయతి కిచ్చెను. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములకు వేరువేరుగా నున్న చట్టములు 1964లో ఏకమయ్యెను. 73వ రాజ్యాంగ సవరణము అమలునకు వచ్చిన మరుసటియేట, అనగా 1994లో, పంచాయతిరాజ్ చట్టము వచ్చెను. ఇల్లు కట్టుటకు పంచాయతి అనుమతి కావలెననుట దానియందలి నియమము. 2002 నాటి లేఔటు నియమములు స్థలములుగా విడదీసి అమ్ము భూమిలో నూటికి పదివంతులు ఖాళీజాగాగా పంచాయతికి అప్పగింపవలెనని శాసించినవి. తెలంగాణ రాష్ట్రము 2018లో తన సొంత పంచాయతి చట్టమును చేసికొన్నది.

అధికారము ఊరికి వచ్చినది, ఆక్రమణము ఆగినదా? ఆగలేదు. తాసీల్దారునకు అధికారము కలదు గాని ప్రతి వీథిని అతడు చూడలేడు. సర్పంచు ప్రతిదినము చూచుచునే యుండును. కాని గోడ కట్టువాడు అతని బంధువో, వోటరో, గతమున ఎదిరించిన పక్షమువాడో అయియుండును. బంధువును ఆపినచో బంధుత్వము చెడును. ఎదిరిపక్షమువానిని ఆపినచో కక్షయందురు. కావున పలుచోట్ల పంచాయతి నోటీసిచ్చి ఊరకుండును. అటుపై అనుమతిలేని ఆ ఇంటికే నంబరు వేసి పన్ను వసూలు చేయును. పన్ను రాకున్న దీపములు వెలుగవు. ఇంటిపన్ను రశీదు స్వామ్యమునకు ప్రమాణము కాదని న్యాయస్థానములు చెప్పుచున్నను, ఊరిలో దాని విలువ నాటి బీ మెమో విలువయే. రశీదు రంగు మారినది, కథ మారలేదు.

2011 జనవరి 28న సుప్రీంకోర్టువారు పంజాబునందలి రోహర్ జాగీర్ గ్రామపు చెరువు విషయమున తీర్పు చెప్పుచు, చిరకాలము ఆక్రమించితిమనుటగాని, కట్టడమునకు విశేషముగా ఖర్చుపెట్టితిమనుటగాని క్రమబద్ధీకరణమునకు కారణము కాజాలదనిరి. భూమిలేని కూలీలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు మొదలగువారికి ప్రభుత్వము కౌలు (లీజు) ఇచ్చినచోట్లును, పాఠశాల వంటి ప్రజోపయోగములున్నచోట్లును మాత్రము మినహాయింపు నిచ్చిరి. ఆ తీర్పు గ్రామముల ఉమ్మడిభూములను గూర్చినది. తొమ్మిదియేండ్లకు, 2020లో, రెండు తెలుగు రాష్ట్రములును అనుమతిలేని ప్రైవేటు లేఔట్లను రుసుము పుచ్చుకొని క్రమబద్ధము చేయు నియమములను ప్రకటించెను. భూములు వేరు, మార్గము పాతదే. రుసుము చెల్లినది, తప్పు ఒప్పయినది. కాని విడువవలసిన ఖాళీజాగా ఆ రుసుముతో తిరిగి మొలువదు. పిల్లలాడుకొను చోటును డబ్బు ఈయజాలదు.

అదే సంవత్సరము ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వము స్వామిత్వ యను పథకమును ఆరంభించి, ఆకాశమునుండి డ్రోనులతో నివేశనస్థలములను కొలిపింప మొదలిడెను. నాడు సర్వేవారు విడిచిన చుట్టుగీతలోపలి భాగమునకు పటము సిద్ధమగుట మేలే. అయితే పటము హద్దును చూపును గాని కాపాడదు. నేటి ఆక్రమణమునే నిజమైన హద్దుగా పటమున గీసినచో, అది మరియొక రశీదు మాత్రమే యగును.

ఈ చరిత్ర నాకు తెలుపుచున్న దొక్కటే. మన ఊళ్లలో చట్టములు కొరవడలేదు, సమయము తప్పినది. పునాది త్రవ్వునాడు ఆపుటకు ఒక మనిషి, ఒక మాట చాలును. కప్పు పడినపిమ్మట ఆపవలెనన్న ఒక సంసారమును వీథిన పడవేయవలెను. అందుకు ఏ సర్పంచు మనసొప్పును? కాబట్టి వీథుల కొలతలు, చెరువు హద్దులు, ఇచ్చిన అనుమతులు పంచాయతి బీరువాలో గాక గ్రామసభలో అందరియెదుట చదువబడవలెను. నలుగురికి తెలిసిన హద్దును ఒక్కడు జరుపుట కష్టము. అపుడు ఆపుట ఒక్క సర్పంచు కక్ష కాదు, ఊరి మాట యగును.