మిసెస్ బెన్నెట్ అంత తెలివితక్కువదా?



మొన్న మా పెద్దమ్మాయి బి.ఏ. పరీక్షకని ఇంగ్లీషు గైడు ముందు పెట్టుకుని బట్టీ వేస్తోంది. మిసెస్ బెన్నెట్ గుణగణాలు వివరించమని ప్రశ్న. ఆవిడ తెలివితక్కువది, వాగుడుకాయ, ఎప్పుడూ నరాల బాధంటూ మూలుగుతుంది, కూతుళ్ళ పెళ్ళిళ్ళు తప్ప వేరే ధ్యాస లేదు అని జవాబు. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న నాకు ఆ చివరి మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. నా చదువు హైస్కూలుతోనే ఆగింది. అయినా జేన్ ఆస్టిన్ రాసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ని నిఘంటువు దగ్గర పెట్టుకుని ఓపిగ్గా చదివాను. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ నవల 1813లో అచ్చయింది. లాంగ్‌బోర్న్ అనే ఊళ్ళో బెన్నెట్‌గారికి ఏటా 2,000 పౌన్లు వచ్చే ఎస్టేటు ఉంది. అయిదుగురూ ఆడపిల్లలే. ఆ ఎస్టేటు మగవారసుడికే పోవాలని ముందుగానే రాసిపెట్టిన కట్టడి ఒకటుంది. దాన్ని ‘ఎన్‌టెయిల్’ అనేవారు. అంటే బెన్నెట్‌గారు కన్నుమూసిన నాడు ఇల్లూ పొలమూ దూరపు చుట్టం కాలిన్స్ పాలవుతాయి. తల్లీ కూతుళ్ళు మూటాముల్లె సర్దుకోవలసిందే.

ఆడపిల్లకు మిగిలేదెంత? ఆ లెక్క ఎలిజబెత్‌ని పెళ్ళాడతానని వచ్చిన కాలిన్సే ఆమె ముఖం మీద చెబుతాడు. నూటికి నాలుగు వడ్డీ వచ్చే 1,000 పౌన్లు, అదీ తల్లి పోయిన తర్వాత. అంటే ఏడాదికి 40 పౌన్లు!

మరి తండ్రి ఏం చేశాడు? కొడుకు పుడతాడు, వాడు మేజరయ్యాక ఇద్దరం కలిసి ఆ కట్టడి తీసేయించుకుంటాం అనుకున్నాడు. ఆనాటి చట్టంలో అందుకు వీలుండేది. ఆ నమ్మకంతో పొదుపు మాటే తలపెట్టలేదు. కొడుకు పుట్టలేదు. ఆయన పుస్తకాల గదిలో కూర్చుని భార్య మీద చమత్కారాలు విసురుతుంటే మనమూ నవ్వుతాం. ఆవిడకూ పొదుపు చేతకాదు, నోటికి అదుపు లేదు, నిజమే. కాని పిల్లల తలదాచుకునే చోటు గురించి పగలూ రాత్రీ దిగులుపడేది ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే.

కాలిన్స్‌ని ఎలిజబెత్ కాదంటే మనకు సంతోషమే. మూడు రోజులు తిరక్కుండానే ఆమె స్నేహితురాలు షార్లెట్ అతన్ని ఒప్పుకుంటుంది. షార్లెట్‌కు 27 ఏళ్ళు. అందం లేదు, డబ్బూ లేదు. ప్రేమ మాట ఎత్తదు, తనకంటూ ఓ ఇల్లు కావాలంటుంది. ఆ పిల్లను తప్పుపట్టే ముందు ఆ కాలం చట్టం ఏమిటో చూడాలి. పెళ్ళయితే భార్య చేతిలోని రొక్కం భర్తదైపోయేది, ఆమె సంపాదించుకున్నదీ ఆయనదే. ఇంగ్లండులో భార్య సంపాదన భార్యదేనని చట్టం వచ్చింది 1870లో. తన ఆస్తి తన పేరనే ఉంచుకునే హక్కు 1882 చట్టంతో దక్కింది. నవల వచ్చిన 69 ఏళ్ళకు!

ఇంకో తమాషా. అదే నవలలో లేడీ కాథరిన్ ఇంట అలాంటి కట్టడి లేదు. రోజింగ్స్ ఎస్టేటు ఆమె కూతురిదే అవుతుంది. కనుక ఇది దేవుడు రాసిన రాత కాదు, మనుషులు కాగితం మీద రాసుకున్నదే.

రచయిత్రికి ఈ బాధ స్వయంగా తెలుసు. 1802 డిసెంబరులో ఓ ధనవంతుల అబ్బాయి పెళ్ళాడతానంటే సాయంత్రం సరేనని, తెల్లవారగానే వద్దంది. 1805లో తండ్రి పోయాక తల్లీ, అక్క కసాండ్రా, తనూ అన్నదమ్ముల సాయం మీద బతికారు. 1809లో అన్న ఎడ్వర్డ్ చాటన్‌లో ఇల్లిచ్చాక గాని నిలకడ దొరకలేదు. ఈ నవల హక్కులు 110 పౌన్లకే అమ్మేసింది. పుస్తకం మీద తన పేరైనా లేదు. ఎలిజబెత్ చెప్పిన ‘వద్దు’, షార్లెట్ అన్న ‘సరే’, రెండూ ఆమె ఎరిగినవే.

మన దగ్గర మాత్రం? ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అంతకు ముందు కూతుళ్ళ పెళ్ళిళ్ళంటూ రోజూ నసపెట్టిన మన అమ్మమ్మలను కూడా మనం కాస్త నవ్వుతూనే తలుచుకుంటాం కదూ?

ఇదంతా విని మా అమ్మాయి, “ఇలా రాస్తే మార్కులు వేస్తారంటావా అమ్మా?” అంది. గైడులో ఉన్నది రాసి, దాని కింద ఆ 40 పౌన్ల లెక్క కూడా రాయమన్నాను.