అంకుడు కర్రకు లక్క పూత

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో, వరాహ నది ఒడ్డున, పిల్లలాడుకునే లక్కపిడతలు పుట్టేది అంకుడు కర్రలోంచి. ఇళ్లు కట్టే వడ్రంగి టేకు వైపే చూస్తాడు గానీ లేతు మీద ఉలికి అంకుడంత సుళువుగా లొంగే కర్ర అరుదు. తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉంటుంది.

ఒకప్పుడు ఒకరు తాడు లాగుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. తర్వాత కరెంటు లేతులొచ్చాయి. పూత పద్ధతి మాత్రం మారలేదు: తిరిగే గిన్నెకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆపైన మొగలాకుతో మెరుగు.

మధ్యలో రసాయన రంగులు చొరబడ్డాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులకు అవేం రంగులు! పసుపు, నీలిమందు, జాఫరా గింజల రంగులను మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లోనే వచ్చింది.